నేను చెప్పిన ప్రార్థన మనవి

మా పెద్దమ్మ ఈ నెల మొదట్లో ఉదయగిరిలో గుండెపోటుతో పోయింది. సంఘంవాళ్లు ఫ్లెక్సీ మీద ‘ప్రభువు నందు నిద్రించారు’ అని వేయించారు. నేను మాత్రం పోయింది అనే రాస్తాను. నిద్రే అయితే లేపి, క్షమించమని అడిగేదాన్ని.

ఆమె బడిపంతులమ్మ. నాచేత అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. నలుగురిలో కూర్చుంటే నాలుగు మెతుకులు కెలికి లేచేది. ఇంత తక్కువ తినే మనిషికి అంత ఒళ్లేమిటని వెనక నవ్వుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఒకరోజు చెప్పకుండా వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో నేలమీద కూర్చుని, చల్లారిన అన్నం గిన్నెలోంచే ఆగకుండా తింటోంది. చుట్టూ ఖాళీ బిస్కెట్ ప్యాకెట్లు. ఆకలిమీద తినే ముఖం కాదది. నన్ను చూసి కొంగుతో మూతి తుడుచుకుని, "తలుపు దగ్గరికెయ్యి పాపా" అంది.

తర్వాత పెద్దమ్మ నన్ను తోడు రమ్మని ఆత్మకూరు ఆసుపత్రికి వెళ్లింది. అది తిండిపోతుతనం కాదు, అదుపు తప్పి తినే జబ్బు అని అక్కడికి వారానికోసారి వచ్చే కౌన్సెలర్ చెప్పింది. మందులివ్వలేదు, డైట్ చార్టూ ఇవ్వలేదు. "పూట తప్పకుండా తినండి. పస్తుంటేనే అది మళ్లీ మీద పడుతుంది. ఏం తిన్నారో, తినే ముందు మనసులో ఏముందో ఒక నోటుబుక్కులో రాసుకోండి" అంది. పెద్దమ్మ మొదట నమ్మలేదు. శుక్రవారం ఉపవాసముంటే శనివారం అదుపు తప్పుతోందని తన రాతలోనే తేలాక నమ్మింది. "దేవుడి కోసం మానితే ఉపవాసం పాపా. సిగ్గుతో మానితే అది ఒట్టి పస్తే" అని నవ్వింది.

తిరుగు బస్సులో సాయంత్రం నాలుగవుతూనే, పక్కన ఎవరున్నా సరే, సంచిలోంచి అరటిపండు తీసి తినేది. నలుగురి ముందు ఆమె ఇష్టంగా తినగా చూడటం నాకదే మొదలు. అదుపు తప్పిన రోజులు తర్వాత కూడా వచ్చాయి. కానీ మర్నాడు టిఫిన్ మానేది కాదు. "తప్పింది రాత్రి పూట. ఈ పూటేం పాపం చేసింది?" అనేది.

ఇక నా నిర్వాకం. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఆ నోటుబుక్కు తీసి చదివాను. ఒకే వారంలో నాలుగుసార్లు అదుపు తప్పినట్టు రాసుకుంది. నాకు భయం వేసింది. ఆ భయాన్ని కడుపులో దాచుకోలేక స్త్రీల కూడికలో లేచి, ఆమె పేరుపెట్టి, తిండి అదుపు తప్పుతోంది, అందరూ ప్రార్థన చేయండని మనవి చెప్పాను. మాలో ప్రార్థన మనవి చెప్పడం ప్రేమతోనే, కాదనను. పొద్దుగూకేలోగా ఇల్లిల్లూ తిరిగి వచ్చేదీ అదే. ఇద్దరు ఆమె కోసం ఉపవాసం మొదలుపెట్టారు. ఆ ఆదివారం సంఘమంతా కలిసి తినే ప్రేమ విందులో ఒకావిడ అందరి ముందూ ఆమె ప్లేటులోంచి ముక్కలు తీసేసి, "తగ్గించుకోమ్మా, మేమంతా ప్రార్థన చేస్తా ఉండాం" అంది.

పెద్దమ్మ కౌన్సెలింగ్ మానేసింది. నన్ను తిట్టలేదు. "చెప్పుకోవాలంటే దేవుడికి చెవుల్లేవా పాపా?" అని మాత్రం అడిగింది. ఏడాది దాటాక తనే మళ్లీ ఆత్మకూరు బస్సెక్కింది. ఈసారి నన్ను రమ్మనలేదు. కాస్త కుదుటపడుతోందని ముఖం చూస్తేనే తెలిసేది. మధ్యలో పోయిన ఆ ఏడాది తలచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

మొన్న పెద్దమ్మ జ్ఞాపకంగా పెట్టిన ఆదరణ కూడికలో నా వెనక వరుసలో ఎవరో, "తిండే ప్రాణం తీసింది పాపం" అనుకోవడం వినబడింది. అంతలో ఆమె గురించి సాక్ష్యం చెప్పమని నన్ను పిలిచారు. లేచి, "మా పెద్దమ్మకుండింది జబ్బు. ఆత్మకూరుకొచ్చే కౌన్సెలింగ్ మేడమ్ దగ్గర వైద్యం చేయించుకుంటా ఉండింది, నయమవతా ఉండింది. మధ్యలో చెడగొట్టింది నేను. ఆమె రాసుకున్నది దొంగతనంగా చదివి మీ అందరికీ చెప్పినాను" అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు.

భోజనాల వేళ చేతులు కడుక్కుంటుంటే, నేనెరగని ఒకావిడ పక్కకొచ్చి నిలబడింది. కొళాయి తిప్పి, నా వైపు చూడకుండా, "ఆ మేడమ్ ఏ రోజు వస్తాదమ్మా?" అని అడిగింది.

"గురువారం. పొద్దున్నే పోండి" అన్నాను.

ఆమెది ఏ ఊరని నేనడగలేదు. పేరు అడగలేదు. ఆమె వెళ్లి వరుస చివర కూర్చుంది, విస్తరి మీద నీళ్లు చల్లుకుంది, వడ్డించాక తలవంచుకుని ఒక ముద్ద కలిపింది. ఆమె తినేది చూడకుండా నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.