ఇనుము లేని జపమాల

మా ఊరు డెంకణికోట నుంచి జవళగిరి పోయే దావలో ఉంది. తొంభైల్లో మా ఇంటి ముందర గదిలో బాల్వాడి ఆయా ఒకామె బాడుగకు ఉండేది. క్రిస్టియన్ మనిషి. పొద్దు వాలినాక వాకిట్లో కూర్చుని, ఇత్తడి గొలుసు జపమాల తిప్పుకుంటూ తమిళంలో జపం చేసుకునేది. నేను పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేదాన్ని.

ఆయమ్మకు గర్భసంచిలో గడ్డ వచ్చింది. హోసూరులో ఆస్పత్రిలో చేరింది. ఆపరేషన్ గదికి పోయే ముందర నర్సు జపమాల తీసి ఇమ్మనింది. లోహం ఏదీ లోపలికి రాకూడదంట. అది చేతిలో లేకుంటే పడుకోనని ఆయమ్మ మంచం దిగి, బస్సెక్కి ఇంటికి వచ్చేసింది. ఇంకొక వారం చూస్తాను, అప్పటికీ రాకుంటే ప్రాణానికే ముప్పు అని డాక్టరు వెనకాలే కబురు పంపినాడు.

"వద్దన్నది గొలుసే కదక్కా? గింజలు గుచ్చి చేతికి కట్టుకుంటే?" అన్నాను.

"నువ్వు చేస్తావా?"

"ఎద్దుల మెడకు తాళ్లు అల్లినదాన్ని, ఇది చెయ్యలేనా?"

"కడాకు నన్ను ఎద్దును చేసినావు" అని నవ్వింది. గడ్డ సంగతి తెలిసినాక ఆమె నవ్వడం అదే మొదలు.

మా ఊరి వంకలో నీళ్ల పక్కన గడ్డి మాదిరి పెరిగే మొక్కకు బూడిదరంగు గింజలు కాస్తాయి. నడుమ బెజ్జం పుట్టుకతోనే ఉంటుంది. లోపలి పీచును పుల్లతో తోసేస్తే చాలు, దారం దూరుతుంది. ఒకే సైజువి పది కావాలని దోసిళ్లకు దోసిళ్లు ఏరి పారేసినాను. గింజకొక జపం, పది అయితే ఒక చుట్టు. చుట్టు అయిందని కండ్లు మూసుకున్నా తెలియాల, అందుకు సిలువ ఉండాలని ఆయమ్మ అనింది. టెంకాయ చిప్పను గాజు పెంకుతో గీకి సిలువ చేసినాను. నూలుదారం మూడు పేటలు పురిపెట్టి, గింజకూ గింజకూ నడుమ ముడి వేసినాను. ముడి లేకుంటే గింజలన్నీ ఒక పక్కకు జారి, వేలికి లెక్క తెలియదు.

అంతా సరిగానే చేసి, కడాన చెయ్యి అలవాటు కొద్దీ దారానికి పసుపు పూసేసింది.

మా అత్త చూసింది. "ఆమెకు కాపు కడుతున్నావా ఏమ్మే?"

"జపమాల అత్తా."

"పసుపు దారం చేతికి కడితే అది కాపే. జాతరలో కాపు కట్టుకున్నోళ్లు పొలిమేర దాటుతారా? ఆమె రేపు హోసూరు పోవాల కదా!"

"వాళ్లకు ఆ పట్టింపు లేదత్తా."

"వాళ్లకు లేదు. కట్టేదానివి నువ్వు కదా?"

కడిగినా పసుపు పోలేదు. ఆయాకు చెప్తే, "దానికేముంది, పొలిమేర దాటినాక కట్టు" అనింది.

తెల్లారి బస్సు ఊరి పొలిమేర దాటినాక, ఆ కుదుపుల్లోనే ఆమె ఎడమ చేతికి కట్టినాను.

"ఏమ్మా, బస్సులోనే పెండ్లా?" అన్నాడు కండక్టరు.

"పెండ్లి కాదప్పా, ఆపరేషన్" అనింది ఆయమ్మ.

ఆస్పత్రిలో అదే నర్సు. ఒక్కొక్క గింజనూ గోటితో నొక్కి చూసింది.

"ఇనుము ఏమన్నా ఉందా?"

"లేదమ్మా. గింజలు, దారం, టెంకాయ చిప్ప."

లోపలికి పోయి డాక్టరును అడిగి వచ్చింది. "ఇది కూడా వద్దంటే మళ్లీ బస్సెక్కేస్తుంది, ఉండనీ అన్నాడు. సూది ఎడమ చేతికి వెయ్యాల, ఇది కుడి చేతికి మార్చు" అనింది. విప్పి మార్చినాను. దాని మీద నర్సు పలచగా గుడ్డపట్టీ చుట్టింది. ఆయమ్మ గుడ్డ మీద నుంచే తడిమి చూసుకుని, తల ఊపి, లోపలికి పోయింది.

నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. సాయంత్రం తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టినారు. గడ్డ తీసేసినాము, ఇంక భయం లేదు అనింది నర్సు.

చాలాసేపటికి ఆయమ్మ కండ్లు సగం తెరిచింది. ఎడమ చెయ్యి మెల్లగా కుడి మణికట్టు మీదికి పాకింది.

"ఏం కావాలక్కా? నీళ్లా?"

"మందు ఇచ్చేటప్పటికి ఏడో గింజ కాడ ఉన్నా. ఆడనే నిద్రపోయినా" అనింది, నాలుక తడబడుతూ. "ఇంకా మూడు ఉండాయి. అయ్యేదాకా నన్ను మాట్లాడించొద్దు."