శాఖలు కలిసిన ఏడాది నేను రాసిన కాగితం

మొన్న శనివారం ఇక్కడ ఆక్లండ్‌లో, శాండ్రింగ్‌హామ్‌లో కూరల కొట్టుకి వెళ్ళి గోంగూర కట్టలు ఏరుకుంటూ ఉంటే వెనక నుంచి "ఆంటీ!" అని ఎవరో పిలిచారు. తిరిగి చూస్తే, పామర్‌స్టన్ నార్త్‌లో చదువుకునే రోజుల్లో నాతో ఒకే ఫ్లాట్‌లో ఉన్న స్నేహితురాలి కూతురు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గాని నోరు తెరిస్తే ఇంగ్లీషే. అయినా నా కోసం పాపం నాలుగు తెలుగు ముక్కలు కూడదీసుకుని, తనకి వెల్లింగ్టన్‌లో విదేశీ వ్యవహారాల శాఖలో ఉద్యోగం వచ్చిందనీ, పసిఫిక్ దీవులకిచ్చే సహాయం చూసే విభాగమనీ, నేనూ అక్కడే చేశానని వాళ్ళమ్మ చెప్పిందనీ అంది. నేను చేసింది ఆ శాఖలో కాదమ్మా, సహాయ శాఖలో, అప్పుడది వేరుగా ఉండేది అన్నాను. "వేరుగానా? ఎందుకు?" అంది ఆ పిల్ల, నిజంగానే ఆశ్చర్యపోయి.

చెప్పడానికి నోరు తెరిచాను గాని వెనక జనం ట్రాలీలతో నిలబడి ఉన్నారు, నాకూ ఓపిక లేకపోయింది. న్యూ లిన్‌లో మా అపార్ట్‌మెంటుకి వచ్చి, కిటికీ పక్కన కూర్చుని గోంగూర ఒలుస్తూ ఆ మాటే తలుచుకున్నాను. ఎందుకు వేరుగా ఉండేదో ఎవరైనా చెబుతారు. ఆ రెండూ కలిసిన ఏడాది నేనేం చేశానో మాత్రం మా వారికీ, అప్పట్లో చెప్పక తప్పని ఇద్దరికీ తప్ప ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నా వయసు వాళ్ళు, సర్కారు ఉద్యోగాల్లో జుట్టు నెరిసిన వాళ్ళు, మీలో కొందరైనా ఉంటారు కదా, మీకైతే చెప్పుకోవచ్చు అనిపించింది.

నాది అనంతపురం వైపు. నేల గురించి చదువుకున్నాను, అంటే మట్టి, రాయి, దాని బలం, అందులో నీటి నడక, ఇవి. స్టూడెంట్ వీసా మీద పామర్‌స్టన్ నార్త్ వచ్చి, పై చదువు పూర్తి చేసి, మా వారికి వెల్లింగ్టన్‌లో కంప్యూటర్ ఉద్యోగం దొరకడంతో అక్కడే సెటిల్ అయ్యాం. ఒక ఏడాది అటూ ఇటూ తిరిగాక నాకు సహాయ శాఖలో పని దొరికింది. చిన్న శాఖ. ఒక పాత మేడలో మూడంతస్తులు, గాలి వీస్తే కిటికీలన్నీ గజగజలాడేవి. మా పైఅధికారిణిని నేను మనసులో పెద్దావిడ అనుకునేదాన్ని. పొడుగాటి మనిషి, పెద్ద గొంతు, ఎవరు ఏ దీవి నుంచి తిరిగొచ్చినా బ్యాగు కూడా దించనివ్వకుండా పక్కన కూర్చోబెట్టుకుని, నీ కళ్ళతో ఏం చూశావో అది చెప్పు, మిగతాది తర్వాత రాద్దువు గాని అనేది. నా యాస విని నవ్వని మొదటి అధికారిణి ఆవిడే.

నా వంతుకి వచ్చింది ఒక పగడపు దీవి. పేరెందుకు లెండి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, ఒక పక్క సముద్రపు హోరు, రెండో పక్క చెరువులాగా నిలకడగా ఉండే నీళ్ళు. బావులు తవ్వితే ఉప్పు తగిలేది. వాన నీళ్ళు పట్టుకునే ట్యాంకులు రెండు విడతలుగా పెట్టాలన్నది మా పని. మొదటి విడత సముద్రం వైపు ఇళ్ళకీ బడికీ, రెండో విడత లోపలి ఒడ్డున ఉన్న ఇళ్ళకీ ఆరోగ్య కేంద్రానికీ. ఆ కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క నర్సు నాకంటే పదేళ్ళు పెద్దది, బిందె పట్టుకుని గంటలు నిలబడ్డ ఊరి నుంచి వచ్చానని నేను చెప్పగానే నన్ను తన ఇంటి మనిషిని చేసేసుకుంది. నేను అక్కా అని పిలిచేదాన్ని, ఆ మాట ఆమెకి నచ్చింది, అర్థం కూడా అడిగి తెలుసుకుంది. లోపలి ఒడ్డున నేల పరీక్షకి గుంటలు తవ్వుతుంటే పార పట్టింది ఆవిడే. మూరెడు లోతు పోగానే పార ఖంగుమంది. కింద గట్టి పగడపు రాయి, ఏనుగుని నిలబెట్టినా కదలదు. ఇద్దరం ఆ గుంట అంచున కూర్చుని కొబ్బరి నీళ్ళు తాగాం.

ఆ తర్వాత ప్రభుత్వం మారింది, మా శాఖని విదేశీ వ్యవహారాల శాఖలో కలిపేస్తారన్న మాట మొదలైంది. కలపాలన్న వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. ఒకసారి ఒక దీవికి మా వాళ్ళు ఇద్దరూ వాళ్ళ వాళ్ళు ఇద్దరూ ఒకే వారంలో వెళ్ళి, ఒకే మంత్రిని కలిసి రెండు రకాలుగా మాట్లాడి వస్తే, ఆ మంత్రి నవ్వి, మీవి రెండు దేశాలా అని అడిగాడట. వద్దన్న వాళ్ళది ఒకటే మాట, అవసరం ఎక్కడుందో అక్కడికి వెళ్ళాల్సిన సహాయం, ఇక మన అవసరం ఎక్కడుందో అక్కడికి వెళుతుందని. పెద్దావిడ ఆ మాట అన్ని గదుల్లోనూ అంది, వినాల్సిన గదుల్లో కూడా అంది, అని ఓడిపోయింది. వీడ్కోలు మార్నింగ్ టీలో ఆవిడ ప్రసంగం చేయలేదు. స్కోన్లనే చిన్న రొట్టెలు అందరికీ తనే అందించి, కోటు తొడుక్కుని, గాలిలోకి నడిచి వెళ్ళిపోయింది.

మేం కొత్త భవనంలోకి మారాం. అద్దాల గోడలు, మెడలో కొత్త కార్డులు. ఎవరి ఉద్యోగానికి వాళ్ళే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. పన్నెండేళ్ళుగా చేస్తున్న పనికి నేనెందుకు తగినదాన్నో ఒక పేజీలో రాయమంటే, ఆ పేజీ ముందు కూర్చుని ఎంత అలిసిపోయానో, ఏ దీవిలో ఏ ఎండలోనూ అంత అలిసిపోలేదు. అమ్మాయి కాలేజీ మొదలుపెట్టిన ఏడాది అది, మా వారి కంపెనీ పరిస్థితి కూడా బాగోలేదు. ఇవి సాకులని తెలుసు, అయినా చెబుతున్నాను.

మా విభాగానికి కొత్తగా వచ్చిన పైఅధికారి ఒక మాజీ రాయబారి. మృదువుగా మాట్లాడే మనిషి, తలుపు తెరిచి పట్టుకుని ముందు మనల్ని వెళ్ళనిచ్చే మనిషి. రాగానే ఒక్కొక్కరినీ పిలిచి, చేతిలో ఉన్న పనుల్లో ఏది ఒక ఏడాది ఆగగలదో చెప్పమన్నాడు. నా వంతు వచ్చింది. ట్యాంకుల రెండో విడతకి సాంకేతికంగా ఏమైనా ఇబ్బంది ఉందా అని అడిగాడు.

"ఉంటే చెప్పండి, లేకపోతే లేదనండి. నేల సంగతి మీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదు."

ఆ మనిషి నన్ను అబద్ధం చెప్పమనలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పాలి. నా ఇంటర్వ్యూ మూడు రోజుల్లో ఉంది, ఆ బల్లకి అవతల కూర్చునేది ఆయనే. ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి ఇచ్చి బయటికి వస్తున్నారు, నేను మాత్రం ఏమీ ఆగదని చెప్పి మొండిదాన్ని అనిపించుకోవడం ఎందుకనిపించింది. లోపలి ఒడ్డు నేల కొంచెం మెత్తన, ట్యాంకుల బరువుకి కుంగవచ్చు, ఇంకో ఏడాది పరిశీలిస్తే మంచిది అన్నాను. రాసివ్వమన్నాడు. రాసి, కింద నా పేరు, పేరు పక్కన నా చదువు పెట్టి ఇచ్చాను. ఇంటికొచ్చి మా వారికి చెబితే ఆయన "ఒక్క ఏడాదే కదా" అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారు. నా ఉద్యోగం నాకు మళ్ళీ వచ్చింది.

మొదట్లో పడ్డ రెండు వానల తర్వాత ఆ ఏడాది అక్కడ వానలు పడలేదు.

నాలుగైదు నెలలకి నర్సక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మా దీవి మండలి సమావేశంలో మీ కొత్త శాఖ పంపిన కాగితం చదివారు, లోపలి ఒడ్డు నేల మెత్తన అని ఉంది, కింద నీ పేరు ఉంది, నీకు తెలియకుండా ఎవరో నీ పేరు పెట్టారని నేను అందరికీ చెప్పాను, ఒక్క మాట రాసి పంపు, చూపిస్తాను, అని. ఆమె నన్ను అనుమానించి ఉంటే జవాబు రాయడం తేలికయ్యేది. ఆ ఉత్తరం బ్యాగులో పెట్టుకుని పది రోజులు ఆఫీసుకి వెళ్ళాను, వచ్చాను. పదకొండో రోజు, అక్కడి రాయబార కార్యాలయం నుంచి వచ్చే మామూలు నివేదికలో, పది రకాల సంగతుల మధ్య ఒక పేరా కనిపించింది. ఆ దీవిలో బావుల్లో ఉప్పెక్కువై పిల్లలకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయని, ఇద్దరు పసివాళ్ళని నర్సు పడవలో పెద్ద దీవి ఆసుపత్రికి తీసుకెళ్ళిందని, ఒకరు బతికారని.

రాయబారి గారి గదికి వెళ్ళి, తలుపు వేసి, నేల మెత్తన కాదండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఆ గుంట నేనే తవ్వించాను, కింద రాయి ఉంది, నేను రాసింది అబద్ధం అన్నాను.

"ఎందుకు రాశారు?"

"మీరు ఏదో ఒకటి ఇవ్వమన్నారు కదా."

"ఉంటే చెప్పమన్నాను," అన్నాడాయన. గొంతు పెంచలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "నేను ముప్పై ఏళ్ళు ఎవరి మాట వెనక ఏముందో చూడ్డమే పనిగా బతికాను. మీ మాట మాత్రం చూడలేదు. నేల గురించి ఎవరైనా అబద్ధం చెబుతారని అనుకోలేదు," అన్నాడు.

తప్పు దిద్దుతూ ఇంకో కాగితం రాయించాడు, అదీ ఇదీ కలిపి ఫైల్లో పెట్టాడు. ఆ తర్వాత ఆయన చేసింది చూసి నాకు ఏడుపొచ్చింది. ఫోన్ తీసుకుని అక్కడి మంత్రితో మాట్లాడాడు, నౌకాదళంలో తనకి తెలిసినవాళ్ళతో మాట్లాడాడు, అటువైపు వెళ్ళే ఓడలో ట్యాంకులకి చోటు అడిగాడు. మా పాత శాఖలో ఓడ దొరకక మొదటి విడత ఎంత ఆలస్యమైందో తలుచుకుంటే, ఆ పనంతా ఆయన ఏడు వారాల్లో చేయించాడు. శాఖలు కలవకపోతే అది జరిగేది కాదు. శాఖలు కలవకపోతే ఆ కాగితమూ ఉండేది కాదు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టుకుని ఎన్నోసార్లు చూశాను, ఏదీ రెండోదాన్ని చెరపలేదు.

నన్ను పసిఫిక్ పని నుంచి తప్పిస్తామని, అయితే పునాదులు వేయించి రావడానికి ఒక్కసారి వెళ్ళి రమ్మని చెప్పాడు. వెళ్ళాను. పడవ దగ్గరికి నర్సక్క రాలేదు. సామాను దించాక నేనే ఆరోగ్య కేంద్రానికి నడిచాను. ఆమె గుమ్మం ముందు కూర్చుని గుడ్డలు మడత పెడుతోంది. లేవలేదు, కూర్చోమని చాప మాత్రం చూపించింది. ఆ చాప మీద కూర్చుని, ఆ కాగితం నేనే రాశానక్కా అన్నాను.

"తెలుసు. నువ్వు జవాబు రాయలేదు కదా, అప్పుడే తెలిసింది," అంది. ఇంకో గుడ్డ మడత పెట్టి, "పార నేనే పట్టుకున్నాను. చప్పుడు ఇద్దరం విన్నాం," అంది.

పోయిన పాప ఎవరి పాప అని అడిగాను. చెప్పింది. నీళ్ళ వల్లేనా అని అడగబోయాను, ఆమె నా ముఖం చూసి చెయ్యి ఎత్తి ఆపింది.

"అది నాకు తెలియదు. తెలియని సంగతి నేను చెప్పను."

నన్ను ఇంకేమీ అనలేదు. తిడుతుందని, ఏడుస్తుందని, ఎప్పటికో క్షమిస్తుందని, అన్నిటికీ సిద్ధపడి వెళ్ళాను, ఆ మూడూ జరగలేదు. నాలుగు రోజులు ట్యాంకుల దిమ్మెలు పోయించాను. ఆమె రోజూ వచ్చి ఎక్కడ పెట్టాలో చూపించింది, మధ్యాహ్నం నాకూ పనివాళ్ళకీ కలిపి తిండి పంపింది. నేను అక్కా అని పిలిస్తే పలికింది. తను మాత్రం నన్ను మునుపటిలా పేరు పెట్టి పిలవలేదు, మిస్ అంది.

తిరిగొచ్చాక నన్ను శిక్షణ పుస్తకాలు తయారుచేసే గదిలో వేశారు. రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నాను. ఎవరూ నన్ను చిన్నచూపు చూడలేదు, అసలు చాలామందికి ఏం జరిగిందో తెలియదు. రాయబారి గారు ఇంకో దేశానికి వెళుతూ నా బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి కలిపి వెళ్ళారు. ఆరోగ్య కేంద్రం ట్యాంకు నిండిందని కూడా మామూలు నివేదికలోనే చదివాను.

మా అమ్మాయి ఆక్లండ్‌లో ఉందని మేమూ ఇటు వచ్చేశాం. పాత సహాయ శాఖ వాళ్ళం అప్పుడప్పుడు కాఫీకి కలుస్తాం. కాసేపటికి మాట తప్పకుండా అక్కడికే వస్తుంది, కలపకుండా ఉంటే ఎంత బాగుండేదో, మనం ఎంత నిజాయితీగా పని చేసేవాళ్ళమో అని. పెద్దావిడ కూడా వస్తుంది, ఇప్పుడు చేతికర్ర పట్టుకుని. నేను కాఫీ కప్పు వంక చూస్తూ కూర్చుంటాను. అన్నిటికీ ఆ కలపడమే కారణమని చెప్పి తేలికపడే వరుసలో నాకు చోటు లేదు, ఆ మాట వాళ్ళతో చెప్పే ధైర్యమూ ఇంకా రాలేదు.

ఇప్పుడు ఆ పనులు చూస్తున్న పిల్లలు మాకంటే తెలివైన వాళ్ళు. వాళ్ళ కాగితాలు నలుగురు చదివి దిద్దాకే బయటికి వెళతాయట, నాలాంటి అబద్ధం ఇప్పుడు మొదటి మెట్టులోనే దొరికిపోతుంది. మంచిదే. కానీ రెండేళ్ళకో మూడేళ్ళకో వాళ్ళని ఇంకో దేశం పనికి మారుస్తారు. ఒకే దీవికి పన్నెండేళ్ళు వెళ్ళి, గుంట అంచున కూర్చుని కొబ్బరి నీళ్ళు తాగే తీరిక ఎవరికీ ఉండదు. ఏ దీవిలోనూ ఎవరికీ అక్క ఉండదు, తప్పు చేస్తే వెళ్ళి తల వంచుకుని కూర్చోవాల్సిన చాప ఉండదు. అది వాళ్ళకి హాయో లోటో, అలిసిపోయిన ఈ వయసులో నేను తేల్చి చెప్పలేను. నాకు మాత్రం ఆ చాప ఉంది. ఇప్పటికీ దాని మీద నుంచి లేవలేదు.