బొంతకు నాలుగో మూల

1963 నవంబరు 10, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు జడ్చర్లలో మా ఇంటి వాకిట్లో అవ్వ బొంత ముందేసుకొని కూర్చుంది. నేను పలకతో ఆమె పక్కన చేరాను. మరునాడు వర్గ సమీకరణాన్ని బోర్డు మీద తప్పు లేకుండా సాధించకపోతే నన్ను పై చదువుకు పనికొచ్చే కాంపోజిట్ లెక్కల నుంచి తేలికైన జనరల్ లెక్కలకు మారుస్తానని మా సారు చెప్పారు. మారితే కళాశాలలో గణితం చదివే వీలుండదు. మా ఇంట్లో అంతవరకు కళాశాల చూసినవారే లేరు.

నా తప్పు ఎప్పుడూ ఒక్కటే. x² + 6x = 40 అన్నచోట వర్గం పూర్తి కావడానికి ఎడమవైపు తొమ్మిది కలిపేదాన్ని. కుడివైపు మరచిపోయేదాన్ని.

"ఇటు నువ్వు కలిపితివి. అటు ఎవరు కలపాలె, మీ తాతనా?" అని సారు అడిగితే తరగతంతా నవ్వేది.

తమ్ముడి బొంత నాలుగు జానల చదరం. వాడు పెరిగి కాళ్లు బయటికి వస్తున్నందున అవ్వ దానికి కుడి పక్కన ఒకటి, కింది పక్కన ఒకటి మూడేసి జానల వెడల్పు పట్టీలు కుట్టింది. ఆ పట్టీల నడుమ ఒక మూల ఖాళీగా మిగిలింది.

"గా మూలకు జర ఒక తునక చింపియ్యే, పంతులమ్మా!"

"ఎంత తునక, అవ్వా?"

"పట్టీలెంత వెడల్పున్నయో గంత. గది గూడ మీ సారునే అడుగుతవా?"

పాత చీర నుంచి మూడు జానల చదరం చింపాను. బొంత తొమ్మిది చదరపు జానలు పెరిగింది, దానికి పట్టిన బట్ట కూడా సరిగ్గా అంతే పెరిగి నలభై నుంచి నలభై తొమ్మిది అయింది. రెండు వైపులా తొమ్మిది! నేను ఎగిరి గంతేశాను.

"సూది గుచ్చుకుంటది, కూసో!" అని అవ్వ కసిరింది.

మరునాడు బోర్డు మీద మొదట బొంత గీశాను. రెండు వైపులా తొమ్మిది కలిపాను. (x + 3)² = 49. x విలువ నాలుగు.

"ఇంకో విలువ?" అన్నారు సారు.

"మైనస్ పది, సార్."

"మైనస్ పది జానల బొంత ఎవరు కప్పుకుంటరమ్మా?"

"చలి లేనోళ్లు, సార్."

ఈసారి సారు కూడా నవ్వారు.

నన్ను జనరల్ లెక్కలకు మార్చలేదు. అనంతరం మహబూబ్‌నగర్‌లో గణితం ముఖ్యాంశంగా బి.ఎస్సీ. పూర్తి చేశాను.