రావాల్సిన రీడింగు, వచ్చిన రీడింగు

కరోనాకు రెండేండ్ల ముందు, జూన్‌లో, నారాయణగూడలోని ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది. లెక్చరర్‌గా అక్కడ నాది పందొమ్మిదేండ్ల సర్వీసు. ఆ కుర్చీ నాదే అనుకున్న. చిక్కడపల్లిలో మా ఇంట్లోవాళ్లకు చెప్పేసిన కూడా.

అంతలోనే సరిత వచ్చింది. వార్డుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి, మా దగ్గర ట్యూటర్‌గా చేరిన మనిషి. ప్రిన్సిపాల్ గారు ఫస్టియర్‌ను ల్యాబ్ కోసం రెండు బ్యాచ్‌లు చేసి, ఒకటి నాకు, ఒకటి ఆమెకు ఇచ్చిన్రు. ఏడాది చూసి ఇన్‌చార్జిని నిర్ణయిస్తమన్నరు. ఇంజెక్షన్లు నేర్పే మనిషికి కెమిస్ట్రీ ల్యాబ్ ఏంది అనుకున్న. అశోక్ నగర్ హాస్టళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలు నన్ను చూస్తే పక్కకు జరిగి దండం పెట్టేటోళ్లు. ఆమెను మాత్రం "అక్కా, అక్కా" అని చుట్టుముట్టేటోళ్లు. అదీ నా కండ్ల ముందరనే! దాచుకునేదేముంది, నేను ఓర్వలేకపోయిన.

ల్యాబ్‌లో ముఖ్యమైన పని టైట్రేషన్. బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టంలో నుంచి ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలి, రంగు మారంగనే ఆపి, ఎంత దిగిందో చదవాలె. గొట్టంలో ద్రవం పైభాగం గిన్నె లెక్క వంగి ఉంటది. కన్ను ఆ వంపు అడుగుకు సమానంగా పెట్టి చూడాలె. మూడుసార్లు చేసి రికార్డులో రాయాలె. నేను ముందే బోర్డు మీద "పది మిల్లీలీటర్లు రావాలె" అని రాసేదాన్ని. మాకు చెప్పినోళ్లూ అట్లనే రాసిన్రు. నా బ్యాచ్ రికార్డుల్లో పది, పది, పది. సరిత బ్యాచ్‌లో తొమ్మిదిన్నర, పదింబావు, నడుమ కొట్టివేతలు. ఆమె జవాబు ముందుగా చెప్పదట! ఏడాది ఆఖరుకు ఆ రికార్డులు చంకన పెట్టుకొని ప్రిన్సిపాల్ గారి గదికి పోయిన. ఇదీ వార్డు నుంచి వచ్చిన చదువు అని ముందర పరిచిన. ఇన్‌చార్జి ఆర్డరు నా పేరు మీద టైపయింది, సంతకం ఒక్కటే తక్కువ.

ఆ వారమే మా ట్రైనింగు ఆసుపత్రి పిల్లల వార్డు నుంచి ఫోను. నా బ్యాచ్‌లోని లావణ్య, మంచి మార్కుల పిల్ల, డ్యూటీలో సిరంజిలోకి మందు తీసింది. ఎంత తీసినవని వార్డు సిస్టర్ అడిగితే, పాయింట్ ఆరు మిల్లీలీటర్లు అన్నది. సిస్టర్ సిరంజి పైకెత్తి చూసింది. పాయింట్ తొమ్మిది ఉన్నది. సూది అక్కడనే ఆగింది కాబట్టి సరిపోయింది, పసిబిడ్డ అది.

నేను లావణ్యను పక్కకు తీసుకపోయి అడిగిన. ఆమె ఏడ్వలే, నా మొహం చూసి ఆశ్చర్యపోయింది.

"డాక్టర్ చీటీల పాయింట్ ఆరు అనే ఉన్నది కదా మేడం. ల్యాబ్‌ల గూడ మనం గట్లనే రాస్తం కదా."

అటు ప్రిన్సిపాల్ గారు, ఇంజెక్షన్ నేర్పింది సరితనే కదా, ఆమెకు మెమో ఇస్తా అంటున్నరు. నేను నోరు మూసుకుంటే చాలు, సరిత పోతది, కుర్చీ నాదయితది. ఒక్క క్షణం కాదు, మధ్యాహ్నం దాకా మూసుకున్న కూడా. తర్వాత పోయి, బోర్డు మీద జవాబు ముందే రాసి అలవాటు చేసింది నేనని చెప్పిన. ఆర్డరు చింపి సరిత పేరున మళ్ల టైపు చేయించిన్రు. సంతోషంగా చెప్పిన అంటే అబద్ధం. కుళ్లు కుళ్లుగనే ఉన్నది, రిటైరయ్యేదాకా ఉన్నది.

నేర్చుకున్నది ఒకటే. జవాబు ముందే తెలిసిన కన్ను గీతను చూడదు. అటెన్క నా ల్యాబ్ క్లాసులో ఏ సంఖ్యా ముందుగా చెప్పలే. చూసి రాసిన తప్పు రీడింగుకు మార్కులు ఇచ్చిన. చూడకుండా రాసిన సరైన రీడింగుకు సున్నా వేసిన.