గుట్ట అవతలి దుక్కి

మొన్న చైత్రంలో ఒక మధ్యాహ్నం ఆత్మకూరులో వడగళ్ళు పడ్డాయి. నేనుంటున్న ఇంటి ముందుభాగం రేకులది కాబట్టి ఆ మోతలో పక్కవాళ్ళ మాట కూడా వినబడలేదు. నా మనవరాలు ఫోను తెచ్చి నా కళ్ళ ముందు పెట్టి, ఈ ఎర్రటి మచ్చ ఇప్పుడు మన మీద ఉంది, ఇంకో అరగంటకు మర్రిపాడు మీదికి పోతుంది అని చూపించింది. అన్నట్టే పోయింది. నేను మెచ్చుకున్నాను గాని, లోపల ఆ పిల్ల మీద కొంచెం అసూయ కలిగిందని ఒప్పుకోవాలి. అలాంటి మబ్బు ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో తెలుసుకుందామని ఇరవయ్యేళ్ళ వయసులో నేను ఒక నెలంతా గుట్టలు ఎక్కి దిగాను. మబ్బు సంగతి పెద్దగా తెలియలేదు గాని, దాని వెంట పోయి ఇంకొకటి తెలుసుకున్నాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, యాభైల మొదట్లో వరసగా రెండుమూడేళ్ళు వానలు మొహం చాటేసిన తర్వాత, ఉదయగిరి ప్రాంతంలో ఒక చైత్రమాసం అంతా గాలివానలే. పొద్దున ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉండేది. మధ్యాహ్నం భోజనాల వేళకు గాలి స్తంభించి, ఒళ్ళంతా జిడ్డుకట్టినట్టయ్యేది. ఆ తర్వాత ఉదయగిరి దుర్గం నెత్తిన వంకాయరంగు మబ్బు ఒకటి వచ్చి కూర్చునేది. అది కూర్చున్న గంటకు ఎర్రదుమ్ము, దాని వెనకాల ఉరుము, దాని వెనకాల వాన. అరగంటలో అంతా అయిపోయి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఎండ కాసేది. నాలుగైదు రోజులకొకసారి ఇదే వరస.

ఆ వానల చేష్టలు అంతుపట్టేవి కావు. ఒకరి చేలో ఉసిరికాయలంత వడగళ్ళు పడితే, గట్టు దాటిన పక్కచేలో మట్టి కూడా తడిసేది కాదు. పట్టపగలు ఒక తాటిచెట్టు పిడుగుపడి తల అంటుకొని, వానలోనే కాగడాలాగా కాలింది. మా మేనత్త ఆరేసుకున్న చీర ఎగిరిపోయి, వరికుంటపాడు దారిలో ఒక బండి నొగకు చుట్టుకొని, ఆ బండివాడి చేత మూడోనాటికి ఇల్లు చేరింది. అతను చీర ఇస్తూ, మీ ఊరి గాలికి నా బండెక్కాలని ఎందుకు బుద్ధిపుట్టిందో అన్నాడని మా అత్త చాలాకాలం చెప్పుకొని నవ్వేది. ఆత్మకూరులో చదువు ముగించుకొని, ఉద్యోగమేదీ లేక ఇంటికి వచ్చిన నాకు ఆ వడగళ్ళ దారి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూడాలని పిచ్చి పట్టింది. వాన వెలిసిన మర్నాడల్లా, రాలిన ఆకులు, చిల్లులు పడ్డ కలబంద మట్టలు చూసుకుంటూ నడిచేవాణ్ణి.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. ఊరికి ఎత్తున, పడమటి ముఖంగా ఉండేది మా ఇల్లు. వసారాలో కూర్చుంటే మెట్టచేలన్నీ, వాటి చివర అడ్డంగా పడుకున్న గుట్టా కనబడేవి. మా తాతగారి రోజుల్లో మా కొట్టంనుంచి ఆరు మడకలు, అంటే ఆరు నాగళ్ళు, ఒకేసారి బయలుదేరేవట. నేను ఎరిగిన నాటికి పొలం చాలావరకు చేతులు మారింది, కొట్టం మాత్రం ఆరు జతలకు సరిపడా అలాగే ఉంది. అందులో చివరి జతలో ఒకటి ఆ ఉగాదికి ముందటి పుష్యంలో గాలికుంటు వ్యాధితో పోయింది. మిగిలింది బూడిదరంగు మైలెద్దు ఒక్కటే. మా నాయన వసారాలో కుర్చీలో కూర్చునేవారు గాని ఎన్నడూ వీపు ఆనించి కూర్చోలేదు. ఇల్లు తగ్గినా నడుము వంగరాదన్నది ఆయన పద్ధతి, నాదీ అదే.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఉగాది దాటాక వానకు నేల తడిసి వచ్చే తొలి పదునుకు మా ఇంటి మడక ముందుగా చేలో దిగాలి. మేము ముందుచాలు తోలిన తర్వాతే మిగిలినవాళ్ళు కాడి కట్టాలి. ఆ ఏడు తొలివాన పడింది. పదును మూడు రోజులకంటే నిలవని, ఇసుక కలిసిన గరపనేలలు మావి. ఊరివాళ్ళు వచ్చి మా మెట్లమీద కూర్చున్నారు. నాయన వాళ్ళతో దుర్గం గురించీ, వడగళ్ళ గురించీ, నెల్లూరు బస్సు గురించీ మాట్లాడారు గాని మడక మాట ఎత్తలేదు. వాళ్ళూ ఎత్తలేదు. ఎత్తితే మా కొట్టంలో జత లేదని ఎత్తిచూపినట్టవుతుంది. మీరు దున్నుకోండి అని నాయన అంటే, తరాలనుంచి వచ్చిన హక్కును తన నోటితో వదులుకున్నట్టవుతుంది. ఎవరిదగ్గరైనా జత అడగడం ఆయనకు తెలియని విద్య. మూడు రోజులు మర్యాదగా మాట్లాడుకున్నాక నేల ఆరిపోయింది. రెండో వానకూ అంతే, మూడో వానకూ అంతే. మా అత్త ఒక్కతే ఆయనను పొడిచేది.

"ఏందిరా తమ్ముడా, ఆ మైలెద్దు పక్కన నువ్వు నిలబడతావా, లేకుంటే నన్ను నిలబడమంటావా?"

నాయన కుర్చీలోనుంచి గుట్టవైపు చూస్తూ కూర్చునేవారు. ఇక నేనున్నానే, సిగ్గుపడవలసింది పోయి గర్వపడ్డాను. ఊరు ఊరంతా మా మడక కోసం ఆగి ఉంది, ఇంకా మా మాట అంత చెల్లుతోంది అనుకున్నాను.

నాలుగోవాన వెలిసిన మర్నాడు వడగళ్ళ జాడ పట్టుకొని మొదటిసారి మా వసారా ఎదుటి గుట్ట ఎక్కి అవతలికి దిగాను. దిగినవాణ్ణి దిగినట్టే నిలబడిపోయాను. నా ముందున్న చేలన్నీ దున్ని ఉన్నాయి. ఆ పొద్దు దున్నినవే కాదు, కొన్నిటిలో పెళ్ళలు ఆరి, మీద మరో వాన పడి, అణిగి కూడా ఉన్నాయి. అంటే రెండో వాననుంచీ ఇక్కడ మడకలు తిరుగుతున్నాయన్నమాట. ఊళ్ళో అందరమూ తాతా అని పిలిచే గొర్రెల కాపరి గట్టుమీద కర్ర ఆనించుకొని నిలబడి నన్నే చూస్తున్నాడు.

"ఏంది చిన్నయ్యా, మబ్బును వెతుక్కుంటా ఇంత దూరం వచ్చినావా? అది నిన్ననే పోయినాదే!"

ఈ దుక్కులు ఎవరివని అడిగాను. ఆయన గొర్రెలవైపు తిరిగాడు.

"ఎవురివైతే నీకేంది? చూసినావు గదా, చూడనట్టు పో."

"మా నాయనకు తెలియకుండా దున్నినారా?"

"తెలియకుండా కాదు సామీ, కనపడకుండా. గుట్టకు ఆ పక్క చేలన్నీ మీ వసారాలోకి కనపడతాయి. పెద్దాయన కళ్ళ ముందర మడక కట్టి, నీకు ఎద్దు లేదయ్యా అని చెప్పమంటావా మమ్మల్ని? ఈ పక్కవి కనపడవు. పదును ఎవురికోసమన్నా ఆగుతాదా?"

నా ముఖం చూసి జాలిపడ్డాడేమో, గొంతు తగ్గించాడు. మాకందరికీ రెండు పక్కలా చేలున్నాయి, ఒక పక్క పోయినా ఇంకో పక్క గింజలొస్తాయి, ఆ అమ్మికి మాత్రం ఉన్నది ఒక్క చేను, అది సరిగ్గా మీ వసారా ముందరే ఉండాది అన్నాడు. ఆయన చెప్పిన మనిషిని నేను ఎరుగుదును. భర్త పోయి, ఇద్దరు చిన్నపిల్లలతో ఉన్న ఆమెను మేము అక్కా అని పిలిచేవాళ్ళం. ఆడవాళ్ళు మడక మేడి పట్టరు కాబట్టి, ఆమె తన పొట్టి ఎర్రెద్దును ఎవరి ఎద్దుతోనో జతకలిపి వాళ్ళచేత దున్నించుకొని, బదులుగా వాళ్ళ చేలల్లో కలుపు తీసేది. చేనంతా గరిక అల్లుకొని ఉంది. ఈ వానల్లో దాన్ని తిరగెయ్యకపోతే ఆషాఢంలో సజ్జ విత్తినా గరికే తినేస్తుంది. ముందటేడు కరువుకు గింజ లేదు, ఈ ఏడు మా పరువుకు ఉండదు.

మళ్ళీ గుట్ట ఎక్కి ఊరివైపు దిగాను. తిన్నగా ఆమె ఇంటికి పోయాను. గాలికి లేచిపోయిన ఇంటి బోదగడ్డి కప్పు సర్దుకుంటూ నిచ్చెనమీద ఉంది. మా మైలెద్దును నీ ఎద్దు పక్కన కడతావా అని అడిగాను. ఆమె నిచ్చెన దిగకుండానే నవ్వింది.

"ఈ మాట అనేదానికి నాలుగు వానలు కావాల్సొచ్చిందా సామీ? నా ఎద్దు పొట్టిది, మీది దొర. ఒక కాడి కింద నడుస్తాయో లేదో మళ్ళ చూద్దాం. మీ నాయన నడవనిస్తాడా?"

"నాయనకు ఇంకా చెప్పలేదు."

"చెప్పమాక. చెప్తే వద్దంటాడు. కట్టినాక మటుకు, పదిమంది చూస్తా ఉంటే విప్పమనలేడు."

ఆ నాలుగోవాన పదును మేము కాడి, పగ్గాలు సరిచేసుకునేలోగా తగ్గిపోయింది. ఇంకొక వాన పడుతుందో లేదో చెప్పేవాళ్ళు లేరు. నెల చివరికి వచ్చింది. అయిదురోజులపాటు నేను దుర్గం నెత్తిని చూసినట్టు దేవుణ్ణి కూడా చూసి ఉండను. ఆరోనాటి మధ్యాహ్నం మబ్బు వచ్చింది, ఈసారి వడగళ్ళు లేకుండా మెత్తగా గంటసేపు కురిసింది.

మర్నాడు పొద్దున మా చేలో, వసారాకు ఎదురుగానే, రెండెద్దులనూ కట్టాము. కాడి ఒక పక్కకు ఒరిగిపోయింది. అక్క చూసి, మడక తాడును కాడి నడుమ కాకుండా మా ఎద్దువైపు రెండు వేళ్ళు జరిపి కట్టమంది. బలమున్నదాని మీద బరువు ఎక్కువ పడాలి అంది. నేను మేడి పట్టుకోబోతుండగా నాయన చేతికర్రతో, భుజాన ఉత్తరీయంతో గట్టుమీదికి వచ్చారు. అంతలోనే ఊరివాళ్ళు పదిమందీ ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు.

"ఎవరిదిరా ఆ ఎద్దు?"

గట్టుమీదనుంచి అక్కే జవాబు చెప్పింది.

"ఇప్పుడు మీ కాడి కింద ఉండాది గదయ్యా, మీదే. మాపటికి రెండూ నా చేలోకి వస్తే, అప్పుడు మీ ఎద్దు నాది."

నాయన కర్రమీద రెండు చేతులూ పెట్టుకొని అలా నిలబడ్డారు. వసారాలోనుంచి మా అత్త గొంతు వినిపించింది.

"నిలబడి చూస్తా ఉండావేందిరా? పదును నీ మీసానికి ఆగుతాదా?"

నాయన కర్ర నా చేతికిచ్చారు. ఉత్తరీయం నడుముకు బిగించి, వంగి మట్టి తాకి కళ్ళకద్దుకొని, మేడి పట్టారు. ఆయన తోలిన చాలు తాడుపట్టి గీసినట్టు ఉంటుందని ఊళ్ళో పేరు. ఆనాడు పొట్టెద్దు ఒకటి, పొడుగెద్దు ఒకటి కావడంతో చాలు పామునడకలా వంకరపోయింది. చివరిదాకా పోయి తిరిగి చూసుకున్నారు గాని సరిచెయ్యలేదు. రెండో చాలుకు మేడి నాకిచ్చారు. ఆ లోపలే చుట్టూ చేలల్లో మడకలు దిగాయి. ముందే సిద్ధంగా ఉంచుకున్నట్టు అంత తొందరగా ఎలా దిగాయో నాకు తెలుసు గనక తలవంచుకొని దున్నాను. పొద్దు వాలేలోగా అక్క చేను కూడా తిరగేశాము. గరిక వేళ్ళు ఎండకు పైకి తేలి తెల్లగా మెరిశాయి.

ఆ సాయంత్రం నాయన పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. గుట్ట అవతలి సంగతి ఆయన చెవిన ఎన్నటికీ పడకూడదని మనసులో ఒట్టుపెట్టుకొని ఉన్నాను. ఆయన తల ఎత్తకుండానే అడిగారు.

"గుట్ట అవతల దుక్కి లోతుగా వచ్చిందా?"

చెంబు నా చేతిలో ఆగిపోయింది. మీకెవరు చెప్పారని అడిగాను.

"కొంగలు. రెండో వాన కాణ్ణుంచి పొద్దున్నే చెరువు వదిలి గుట్ట దాటి పోతా ఉండాయి. మడక వెనక పురుగులు లేకుంటే వాటికి అక్కడేం పని?"

నెల పొడుగునా నేను మబ్బుల వెంట తిరిగి ఒక్కపూటలో చూసినదాన్ని, ఆయన కుర్చీలోనుంచి కదలకుండా మూడువారాలు చూస్తూ కూర్చున్నారు.

మరుసటి ఉగాదికి కూడా మేము రెండో ఎద్దును తేలేకపోయాము. ఆ చైత్రంలో తొలివాన పడిన సాయంత్రమే నాయన తన కుర్చీని ఇంటి వెనక వసారాలో వెయ్యమన్నారు. ముందువైపు ఎండ కళ్ళల్లో కొడుతోంది అన్నారు. అరవయ్యేళ్ళు వచ్చేదాకా కొట్టని ఎండ! మర్నాడు పొద్దున మెట్టచేలన్నిటిలో మడకలు తిరిగాయి. మధ్యాహ్నం మా మైలెద్దు పక్కన అక్క ఎర్రెద్దును కట్టి మా చేను కూడా దున్నుకున్నాము. నాయన బతికినన్నాళ్ళూ చైత్రం వస్తే ఆ కుర్చీ వెనక్కి పోయేది, వైశాఖంలో ముందుకు వచ్చేది.

ఇప్పుడు ఆ చేలల్లోకి ఉదయగిరినుంచి ట్రాక్టరు వస్తుంది, ఎవరు ముందు పిలిస్తే వాళ్ళ చేలో ముందు దిగుతుంది. అక్క మనవళ్ళు ఎవరికోసమూ ఆగనక్కరలేదు. అది మంచిదే, కాదని అనే మనిషిని కాను. నాకున్న సందేహం ఒక్కటే. ఎండకోసమని కుర్చీ వెనక్కి జరిగినప్పుడు దానికి అసలు కారణం ఊరివాళ్ళు గ్రహించారా అని. ఆనాటివాళ్ళలో అడగడానికి ఒక్కరూ మిగల్లేదు. గ్రహించే ఉంటారు. అందుకే కాబోలు, ఆ రోజుల్లో మా ఇంటికి వినబడే చేలల్లో కాడి కట్టేటప్పుడు ఎవరూ ఎద్దులను గట్టిగా అదిలించేవాళ్ళు కాదు.