దార్నిస్ వదిలేసిన మాట

మా ఊళ్ళో అల్లుడంటే ఇంటికొచ్చిన అతిథి. ఇల్లు భార్యది, పొలం భార్యది, పిల్లల వంశం కూడా భార్యదే. పాయకుంబుహ్ పట్నం బజారులో కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, సాగో కొండ మీంచి దిగే మంచుతో పాటు నేనూ సాయంత్రానికి దార్నిస్ ఇంటి మెట్లెక్కుతాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఎక్కే ముందు ఒకసారి దగ్గుతాను. ఆ ఇంటి పెద్దల మాటలన్నీ నేను గదుల వైపు గోడకి ఆనుకుని విన్నవే.

దార్నిస్ నా భార్య. రోడ్డు వారన పాకలో కాఫీ ఆకుల కషాయం అమ్ముతుంది, కొబ్బరి చిప్పల్లో పోసి. సంతోషం వస్తే ఆమె నవ్వు అవతలి పొలంలో కొంగల్ని లేపుతుంది. కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఆ తగ్గిన గొంతంటే ఊరంతటికీ భయం.

మాకు ఒక్కతే కూతురు, యెల్ఫీ. మా దగ్గర మగపిల్లలు పెద్దవగానే ప్రార్థనాశాలలో పడుకుంటారు, మీసాలొచ్చాక ఊళ్ళు పట్టిపోతారు. ఆడపిల్ల ఇంట్లో ఉంటుంది. ఆమె ఉన్నంతకాలమే ఇల్లు ఇల్లు. యెల్ఫీ గదిలో వెలుగు ఆరితే, కొమ్ముల్లా పైకి లేచిన ఆ కప్పు కింద దార్నిస్ వాళ్ళ కోతో వంశపు ఈ కొమ్మ ఎండిపోయినట్టే.

ఆ ఇంటికి కిందటేడు ఫిన్లాండ్ నుంచి ఐనో అనే అమ్మాయి వచ్చింది. చదువుల మార్పిడి పథకం. అక్కడి పిల్ల ఏడాదిపాటు ఇక్కడి ఇంట్లో ఉండి, ఇక్కడి బడికి పోయి, మనం తిన్నదే తింటుంది. ఇక్కడి పిల్లా అలాగే అక్కడికి పోతుంది. మొదటి రోజే ఐనో పచ్చిమిరప పచ్చడి కళ్ళనీళ్ళతో తిని మళ్ళీ వడ్డించమంది. దార్నిస్ అన్నగారు, వంశపెద్ద, ఊరంతా దాతుక్ అని పిలిచే ఆ పెద్దమనిషి అక్కడే కరిగిపోయాడు.

"దీని నాలుక మనదే!" అన్నాడు.

అంతటితో ఆగలేదు. మేకని కోయించి, వంశం మొత్తాన్ని పిలిచి, ఐనో తలకి మా ఆడవాళ్ళు పండగలకి చుట్టుకునేట్టే జరీ గుడ్డ కొమ్ముల్లా చుట్టించాడు. "ఇవాళ్టి నుంచి ఈ పిల్ల మా కోతో పిల్ల. నా మేనకోడలు. ఈ ఇంటి ఆడపిల్లకి ఏది వర్తిస్తే దీనికీ అదే" అన్నాడు. అందరూ ఇత్తడి పళ్ళెంలోంచి తమలపాకు తీసుకుని నమిలారు. ఆకు నమిలాక ఆ మాటని వెనక్కి తీసుకోవడం మా దగ్గర లేదు.

ఈ ఏడు అదే పథకంలో ఫిన్లాండ్ వెళ్ళడానికి యెల్ఫీ ఎంపికైంది. పాదాంగ్ పట్నంలో ఎంపిక రోజున మిగతా పిల్లలు పళ్ళేలు పట్టుకుని నాట్యం చేశారట. నువ్వేం చూపిస్తావని అడిగితే, మా నాన్న మా ఇంటి మెట్లెక్కే ముందు ఎందుకు దగ్గుతాడో చెప్తానందట. చెప్పిందట. నవ్వి నవ్వి తీసుకున్నారట.

ఒప్పుకోలు కాగితం మీద నేను సంతకం చేశాను. పథకం వాళ్ళకి తండ్రి సంతకం చాలు. ఊరికి చాలదు. మేనమామ నోటి మాట కావాలి. మా బావగారు దాతుక్ కాదన్నాడు.

ఆదివారం పొద్దున్న పెద్దలు కిటికీల వైపు వరసగా కూర్చున్నారు. నేను నా గోడ దగ్గర. దాతుక్ గొంతు సవరించుకున్నాడు.

"దూరదేశాలు పట్టిపోవడం మగపిల్లల పని. ఈ ఇంటి ఆడపిల్ల సముద్రం దాటదు."

వంటింట్లో కట్టెల చప్పుడు ఆగింది. దార్నిస్ చేతులు తుడుచుకుంటూ వచ్చి పెద్దల మధ్యన కూర్చుంది. గొంతు తగ్గించింది.

"ఈ ఇంటి ఆడపిల్ల ఏదీ దాటకూడదు. అంతేనా అన్నయ్యా?"

"అంతే. ఇందరి ముందూ చెప్తున్నా."

"అయితే ఐనోని ఆపు."

"దానిదేముంది? వాళ్ళ ఊరికి పోతుంది. అది వేరు."

"వేరెలా అవుతుంది? మేకని కోసి మరీ ఈ ఇంటి పిల్లే అన్నావు. తిన్నవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు, అడుగు. వచ్చే నెల విమానం ఎక్కుతోంది. గదిలో పెట్టి గడియ వెయ్యి. తాళంకప్ప నేనిస్తా."

మూల కూర్చున్న ముసలాయన పళ్ళు లేని నోటితో, "మేక మాత్రం లేతది" అన్నాడు. ఎవరో నవ్వాపుకోలేకపోయారు. గది తెర పక్కకి జరిపి ఐనో మా మాటలోనే అంది: "మామయ్యా, నన్ను ఆపితే మా అమ్మ వచ్చేస్తుంది. నీకంటే పొడుగు."

ఇల్లంతా నవ్వింది. దాతుక్ నవ్వలేదు.

"నవ్వండి. రేపు ఈ ఇంట్లో దీపం పెట్టే చెయ్యి లేనప్పుడు కూడా వచ్చి నవ్వండి. నా తర్వాత నా పేరు మోయాల్సిన మేనకోడలి కొడుకు ఏ మంచులోనో పుట్టి, మన మాట రాకుండా పెరిగినప్పుడు నవ్వండి."

ఆ భయం నిజమైనదే. నాకూ ఉంది.

"ఐనో వాళ్ళమ్మకీ ఒక్కతే కూతురు" అంది దార్నిస్. "ఆమెకి మాత్రం భయం లేదా? పంపింది. మనం పండగ చేసుకున్నాం. వాళ్ళ పిల్ల మన గడప తొక్కితే పండగా, మన పిల్ల వాళ్ళ గడప తొక్కితే వంశనాశనమా? ఇల్లు ఆడదాని సొత్తని మీరే అంటారు. ఇల్లు నాదయితే తలుపు తియ్యడం కూడా నా వంతే. యెల్ఫీ వెళ్తుంది."

దాతుక్ ఇత్తడి పళ్ళెం పక్కకి నెట్టాడు. ఆకు ముట్టకుండా మెట్లు దిగిపోయాడు. వెళ్ళమని అనలేదు. వద్దని అనడానికి తన పాత మాటే అడ్డుపడింది.

మర్నాడు పాకలో అడిగాను, "యెల్ఫీ బయల్దేరే రోజు ఆయన రాకపోతే?"

"రాకపోతే బస్సు కదలదా ఏం?" అని నా చేతిలో వేడి చిప్ప పెట్టింది.

ఐనో ముందే వెళ్ళిపోయింది. యెల్ఫీ వెళ్ళే రోజు వచ్చింది. వానకి తడిసిన వరిచేల మీద ఎండ పచ్చగా ఊగుతోంది. దూరం వెళ్ళే బిడ్డకి సాగనంపే మాటలు చెప్పేది మేనమామే. ఆయన చోటు ఖాళీగా ఉంది. దార్నిస్ ఆకుల పళ్ళెం ఆ ఖాళీ చోటు ముందే పెట్టింది. తర్వాత లేచి నిలబడి ఆ మాటలు తనే చెప్పింది.

ఆ కప్పు కింద ఆడగొంతు ఆ మాటలు పలకడం అదే మొదలు. వంశంలోని అమ్మల పేర్లు వరసగా పిలిచింది. దిగిన చోటి నీళ్ళకి మర్యాద చెయ్యమంది. అక్కడి అమ్మకి కూతురివి కమ్మంది. మన గింజలు వాళ్ళకి రుచి చూపించు, వాళ్ళ గింజల రుచి నువ్వు నేర్చుకో అంది. చివరన ఎప్పుడూ చెప్పే ఒక మాటుంది. అది చెప్పకుండానే కూర్చుంది. అందరూ గమనించారు.

మెట్లు దిగితే పనసచెట్టు కింద దాతుక్. ఇంటివైపు వీపు పెట్టి నిలబడ్డాడు. యెల్ఫీ వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"మాటలు ఎవరు చెప్పారు?"

"అమ్మ."

"తప్పులు చెప్పి ఉంటుంది."

"చివరి మాట చెప్పలేదు మామయ్యా."

ఆయన పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చాలాసేపు కదల్లేదు. "పోయిన దారినే తిరిగి రా" అని ఆ చివరి మాట తనే అన్నాడు. వెంటనే దార్నిస్ నిలబడిన కిటికీ వైపు తలెత్తి అరిచాడు.

"మర్చిపోయావే దార్నిస్!"

"మర్చిపోలేదు అన్నయ్యా, వదిలేశాను. దారి దానిది. రావడం, రాకపోవడం దాని ఇష్టం."

దాతుక్ నా చేతిలోంచి పెట్టె లాక్కుని, "అల్లుడివి, నువ్వెందుకయ్యా మొయ్యడం" అని గొణిగి, బస్సు దగ్గరికి అందరికంటే ముందు నడిచాడు.

బస్సు మలుపు తిరిగేదాకా దార్నిస్ కిటికీ మూయలేదు. తర్వాతా మూయలేదు.