తీగ పీకేసే ఆపరేటర్

పెదబయలు దగ్గర ఒక కాఫీ రైతుల సంఘానికి నేను కార్యదర్శిగా ఉన్న రోజుల్లో, మా కంప్యూటర్ ఆపరేటర్ ఒక కొండ ఊరి అమ్మాయి. మంచినీళ్లకు లేచినా సరే, వైఫై రూటర్ తీగ పీకేసి మరీ వెళ్లేది.

ఆ రూటర్ కొన్నది నేను. తయారీ ఆగిపోయిన సరుకని విశాఖలో చవగ్గా ఇచ్చారు.

“కంపెనీయే ఒగ్గేసిన డబ్బా సారూ. దీనికి కొత్త రకం పాస్‌వర్డు పడదు. పాతది ఎవులైనా బేగి ఇప్పేత్తారు,” అనేది.

“ఈ కొండల్లో ఎవరే గుంటా, కోతులా?” అని నవ్వేవాణ్ని.

“కోతులకి లాప్‌టాప్‌లు లేవు సారూ,” అని తీగ పీకేసేది.

ఒక సంత రోజున ఆమె సెలవు పెట్టింది. నేను రూటర్ ఆపకుండా టీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కాఫీ మొక్కలు అందాల్సిన రైతుల జాబితాలో సగం పేర్లు పోయి, దళారీ మనుషుల పేర్లు చేరాయి. రూటర్‌లో మాది కాని లాప్‌టాప్ పేరు కనిపించింది. నా తప్పు బయటపడకుండా దాన్ని నేనే చెరిపేశాను. జాబితా పాస్‌వర్డు ఆమెకే తెలుసని కమిటీకి చెప్పాను. ఆమె ఉద్యోగం పోయింది, దొంగ అన్న పేరు మిగిలింది.

మొన్న వాళ్ల ఊరు వెళ్లి ఇదంతా ఒప్పుకున్నాను. ఆమె రాగులు చెరుగుతూ విన్నది.

“నాను సెయ్యలేదని నాకు తెలుసు కదా సారూ. నాకెందుకు సెప్తన్నారు? ఆళ్లకి సెప్పండి,” అంది.

అందుకే ఇది రాసి, కింద సంతకం పెట్టాను. సంఘం సమావేశంలో, రైతులందరి ముందూ నిలబడి నేనే చదువుతాను.